ఓడ ఎక్కేముందు

మన సామెతల్లో ఓడకు పెద్దపీటే వేశారు. ఓడలు బళ్ళవుతాయంటాం, బళ్ళు ఓడలవుతాయంటాం. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటిన తర్వాత బోడి మల్లన్న అంటాం. ఇంతా చేసి, ఈ సామెతలు వల్లించేవాళ్ళలో చాలామంది గోదావరిమీద లాంచీ తప్ప మరో నావ ఎక్కి ఎరగరు. సముద్రం దాటివచ్చినవాడికి ప్రాయశ్చిత్తం చేయించే రోజులుకూడా వుండేవాయె! అటువంటిది, ఈ మధ్య ఏ పెళ్ళికి వెళ్ళినా, బంతిలో పక్కన కూర్చున్నాయన పప్పులో నెయ్యి పోయించుకుంటూ, "క్రిందటి వేసవిలో అలాస్కా క్రూజుకు వెళ్ళివచ్చామండీ" అని మొదలుపెడుతున్నాడు. అబ్బాయో అమ్మాయో అమెరికాలో వుండటం, తల్లిదండ్రులు నాలుగైదు నెలలకని వెళ్ళటం, అందులో ఒక వారం ఓడమీద గడిపిరావటం మన మధ్యతరగతి ఇళ్ళల్లో ఇప్పుడొక వింత కాదు.

"క్రూజు అంటే తెలుగులో ఏమిటండీ?" అని మా కాలేజీలో ఒక కుర్రవాడు అడిగాడు. విహారనౌక అన్నాను.

"అది ఎక్కడికి వెళుతుందండీ?"

"ఎక్కినచోటికే వస్తుందోయ్."

వాడు నవ్వాడుగాని, చెప్పింది నిజమే. మామూలు ఓడ మనల్ని ఒక వూరినుంచి ఇంకో వూరికి చేరుస్తుంది. ఈ ఓడ నాలుగు రేవులు చూపించి, ఎక్కించుకున్న గట్టుమీదే దింపుతుంది. అంచేత ఇది ప్రయాణం అనేకంటే కాపురం అంటే బాగుంటుంది. ఏడు రాత్రుల అద్దె కాపురం. ఇల్లు అద్దెకు తీసుకునేముందు బావి ఎక్కడుంది, పంపు ఎన్నింటికి వస్తుందని అడుగుతామా లేదా? దీనికీ అలా అడగవలసినవి కొన్ని వున్నాయి.

వాటిని చెప్పటానికి నా అర్హత ఒక్క ప్రయాణం. మా పిన్ని, బాబాయిగార్ల అర్హత ఏడు ప్రయాణాలు. బాబాయి బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మోకాళ్ళు మొరాయించిన దగ్గర్నుంచి కొండలూ మెట్లూ మానేశారు. కొడుకు సియాటిల్‌లో వున్నాడు. "ఒకసారి పెట్టె విప్పుకుంటే ఏడురోజులదాకా కట్టనక్కరలేదు, వూళ్ళే మన గుమ్మంముందుకు వస్తాయి, ఇంతకంటే ముసలివాడికి ఏం కావాలోయ్!" అంటారాయన. పిన్నికి ఒక నోటుపుస్తకం వున్నది. ప్రతి ప్రయాణంలోనూ తెలిసిన సంగతులు, తోటి ప్రయాణీకులు చెప్పిన చిట్కాలు, ఎవరెవరు ఎక్కడెక్కడ ఇబ్బందిపడ్డదీ అందులో తేదీలవారీగా రాసుకుంటుంది. ఇంట్లో అందరం దాన్ని "పిన్ని స్మృతి" అంటాం. ఈ వారం నేను చెప్పేవాటిలో చాలాభాగం ఆ స్మృతిలోవే.

మొదటి అధ్యాయం కాగితాలు. సియాటిల్‌లో బయలుదేరి అలాస్కా చూపించి మళ్ళీ సియాటిల్‌కే తెచ్చే ఓడలు చాలావరకూ విక్టోరియా అనే వూళ్ళో ఒక సాయంత్రంపూట కొద్ది గంటలు ఆగుతాయి. ఆ వూరు కెనడాది. "అంతా అమెరికాలోనే గదా, మధ్యలో ఆ పరాయిదేశం ఎందుకు?" అని అడుగుతారు. 1886లో అమెరికావారు చేసిన ఒక చట్టం వల్ల. విదేశపు జెండా కట్టిన ఓడ అమెరికా రేవుల మధ్యనే జనాన్ని తిప్పి తీసుకురాకూడదు. నడుమ ఒక పరాయి రేవు తగలాలి. ఈ పెద్ద ఓడలు దాదాపు అన్నీ బహామాస్, బెర్ముడా, పనామా వంటి దేశాల జెండాలు కట్టుకున్నవే. అందువల్ల ఆ విక్టోరియా మజిలీ. మన పాస్‌పోర్టు పట్టుకున్నవారికి, అమెరికా వీసా ఎంత దిట్టంగా వున్నా, కెనడా వీసా విడిగా వుండాలి. "నేను దిగను, ఓడలోనే కూర్చుంటాను" అన్నా ఒప్పుకోరు. రేవులో ఓడ కళ్ళ ఎదుట నిలబడివుండగా, కాగితం లేక పెట్టెలతో సహా వెనక్కి మళ్ళిన ఒక దంపతులను పిన్ని స్వయంగా చూసింది. ఆ పేజీలో ఎర్రసిరాతో రెండు గీతలు గీసివున్నాయి. వీసాకు వారాలు పడుతుంది గనుక, టిక్కెట్టు కొనకముందే ఆ పని చూసుకోవాలి. ఓడ బయలుదేరే వూరికి విమానంలో వెళ్ళేవారు ఒకరోజు ముందే చేరుకోవాలన్నది దానికి తోకసూత్రం. విమానం ఆలస్యమైతే ఓడ కాచుకుని కూర్చోదు.

రెండవది ఆరోగ్యం. ఓడలో డాక్టరు వుంటాడు, నర్సులుంటారు, చిన్న ఆస్పత్రి వుంటుంది. అయితే అది ధర్మాసుపత్రి కాదు. నాడి చూస్తే డబ్బు, సూది వేస్తే డబ్బు, అదీ డాలర్లలో. గుండెనొప్పి వంటిది వచ్చి హెలికాప్టరులో గట్టుకు చేర్చవలసివస్తే ఆ బిల్లు వేల డాలర్లలో వుంటుంది. అమెరికాలో వుండే నెలలకని పిల్లలు మనకు తీసుకునే ఇన్సూరెన్సు ఓడమీద చెల్లుతుందో లేదో, కెనడా నీళ్ళల్లో చెల్లుతుందో లేదో, ముందునుంచీ వున్న బీ.పీ., షుగరువంటి జబ్బులకు వర్తిస్తుందో లేదో కాగితం తీసి చదవాలి. చాలని పక్షంలో ప్రయాణానికని వేరే తీసుకోవాలి. మందులు పెద్ద పెట్టెలో పెట్టవద్దు. రేవులో పెట్టెలు అప్పగిస్తే అవి గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. మధ్యాహ్నం వేసుకోవలసిన మాత్ర పెట్టెలో ఎక్కడో తిరుగుతూ వుంటుంది. చేతిసంచీలో ఏడురోజులకు కాక పదిరోజులకు సరిపడా వుంచుకోండి, డాక్టరు చీటీతో సహా.

గది సంగతి. కిటికీ లేని లోపలి గది, కిటికీ గది, వరండా గది అని మెట్లు మెట్లుగా ధరలు. వరండా అంటే ఇద్దరు కుర్చీలు వేసుకుని కూర్చునేపాటిది. ఎండదేశాల ప్రయాణమైతే లోపలి గది చాలు, నిద్రకే గదా వెళ్ళటం. అలాస్కాకు మటుకు స్తోమత వుంటే వరండాయే మేలని బాబాయి తీర్పు. మోకాళ్ళనొప్పులవాడు దుప్పటి కప్పుకుని, కాఫీ పట్టుకుని, కొండలను తనముందు నడిపించుకోవచ్చునంటారు. తలతిరుగుడు భయం వున్నవారు ఓడ నడిమిభాగంలో, కిందివైపు అంతస్తులో గది అడగాలి. తూగుటుయ్యాల బల్ల నడిమధ్య కూర్చున్నవాడికి వూపు తక్కువ గదా, అదే న్యాయం. దీవుల మధ్య పాయలలో వెళ్ళేటప్పుడు నీరు చెరువులా వుంటుందిగాని, సియాటిల్ ఓడలు సాధారణంగా వాంకూవర్ దీవికి పడమటగా, బయటి సముద్రంలోనుంచే పోతాయి. అక్కడ కాస్త వూపు వుంటుంది. అల్లం ముక్క, ఉప్పు బిస్కట్టు, దూరాన ఆకాశమూ నీరూ కలిసే గీతమీద చూపు, ఈ మూడూ పిన్ని వైద్యం. మాత్ర వేసుకోవాలంటే మీ డాక్టరును అడిగే వేసుకోండి. కొన్ని మాత్రలు మత్తు తెప్పిస్తాయి.

పెట్టెలో ఏం సర్దాలి? జూలైలోకూడా అక్కడ మధ్యాహ్నానికి పదిహేను డిగ్రీల సుమారే. ఒక్క బరువైన కోటుకన్నా రెండు పల్చని స్వెట్టర్లూ, పైన ఒక వానకోటూ మేలు. కెచికాన్ అనే రేవులో ఏడాదికి దాదాపు 150 అంగుళాల వాన కురుస్తుంది. మన చిరపుంజికి చెల్లెలన్నమాట. గొడుగు ఆ గాలికి నిలవదు. కాలికి తడి అంటని జోళ్ళు, కంటికి మంచి దూరదర్శిని. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిలు, రైస్‌కుక్కరు, నీళ్ళు కాచుకునే హీటరు కడ్డీ, ఇవేవీ ఓడలో అడుగుపెట్టనివ్వరు. ఓడకు నీటికంటే నిప్పంటేనే ఎక్కువ భయం. ఇంట్లో పట్టిన ఆవకాయ జాడీనికూడా చాలా కంపెనీలవారు ఆపేస్తారు. సీలు తీయని అంగడి పొట్లాలను సాధారణంగా అడ్డుపెట్టరు. అయినా ప్రతి కంపెనీకి దాని నిబంధనలు దానికి వుంటాయి, వెళ్ళేముందు చదువుకోవటం మంచిది.

ఆవకాయ మాట వచ్చింది గనుక భోజనం. శాకాహారులు ఆకలితో మాడిపోతారన్న బెంగ పెట్టుకోవద్దు. చాలా ఓడల్లో భారతీయ శాకాహారం కోరితే వండిపెడతారు. రహస్యమల్లా, ఎక్కిన మొదటి సాయంత్రమే భోజనశాలలో పెద్ద వడ్డనదారును కలిసి, తినేదీ తిననిదీ స్పష్టంగా చెప్పుకోవటం. మర్నాటి భోజనం ముందురాత్రే చెప్పివుంచితే పప్పూ అన్నమూ కూరా వేడిగా వస్తాయి. పైన ఇరవైనాలుగు గంటలూ తెరిచివుండే ఫలహారశాలలు వేరే. అక్కడ అన్నీ టిక్కెట్టులోవే గదా అని పళ్ళెం గోపురంలా నింపుకునేవారిని చూస్తే, పిన్ని తన పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం రాసింది: "ఓడ మనది కాకపోయినా పొట్ట మనదే." టిక్కెట్టులో రానివికూడా వున్నాయి సుమండీ. సోడాలు, మద్యాలు, ఇస్త్రీ, ఫొటోలు, ఇంటర్నెట్టు, రేవుల్లో తిప్పి చూపించటం వీటన్నిటికీ విడిగా పద్దు. గది తాళంగా ఇచ్చే కార్డునే అన్నిటికీ గీకుతారు. జేబులోంచి నోటు తీయకపోవటంవల్ల ఖర్చు నొప్పి తెలియదు. చివరిరోజు అంతా కలిపి ఒక్కసారే తెలుస్తుంది. బాబాయి బ్యాంకు మనిషి గనుక, ప్రతిరాత్రీ ఖాతా చూసి నిద్రపోతారు.

ఎక్కినరోజే చేసే కసరత్తు ఒకటి వున్నది. ప్రమాదం వస్తే ఎక్కడికి పోయి నిలబడాలో, తేలుడు కోటు ఎలా కట్టుకోవాలో చూపిస్తారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత, ఇదీ అపాయపు గుర్తు. దీన్ని ఎగవేయాలని చూసేవారికి బాబాయి ఒక సంగతి చెబుతారు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కంకార్డియా అనే విహారనౌక రాతికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన కొన్ని వందలమందికి అప్పటికి ఆ కసరత్తు జరగనే లేదు. ఆ తర్వాత అంతర్జాతీయ నిబంధన మార్చి, ఓడ కదిలేముందుగాని కదిలిన వెంటనేగాని జరిపితీరాలన్నారు. అరగంట పనికి బద్ధకిస్తే ఎలా? చేతులు కడుక్కోవటమూ ఇటువంటిదే. వేలమంది ఒకే గరిటెలు ముట్టుకునేచోట వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్ అనే పురుగు త్వరగా పాకుతుంది. గుమ్మందగ్గర చేతికి రాసే మందునీళ్ళకు అది అంతగా లొంగదు. సబ్బూ నీళ్ళూ కావాలి. భోజనానికి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోమని మన నాయనమ్మలు చెప్పినమాటే ఇది.

ఇక రేవులు. జూనో, స్కాగ్‌వే, కెచికాన్ అనే మూడూ ముఖ్యమైనవి. జూనో అలాస్కా రాష్ట్రానికి రాజధాని. అయినా దానికి బయటివూళ్ళనుంచి రోడ్డు లేదు. విమానంమీద రావాలి, లేదా నీటిమీద. ఆ వూళ్ళోనుంచి పన్నెండు మైళ్ళు పోతే మెండెన్‌హాల్ అనే హిమానీనదం. స్కాగ్‌వేలో 1898లో మొదలై 1900లో పూర్తయిన బుల్లి రైలుమార్గం వున్నది. క్లాండైక్ బంగారానికి ఎగబడ్డ జనంకోసం వేసింది. సముద్రమట్టంనుంచి ఇరవై మైళ్ళలో దాదాపు మూడువేల అడుగుల ఎత్తుకు ఎక్కుతుంది. మోకాళ్ళు లేనివాడు కొండ ఎక్కాలంటే దీన్ని మించింది లేదని బాబాయి ఆ పెట్టెలో మూడుసార్లు కూర్చున్నారు. ఈ రేవులు చిన్నవి, జనం భరించలేనంత. ముప్ఫైవేలపైచిలుకు మంది వుండే జూనోలో, రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించి రాకూడదని 2024నుంచి కట్టడి చేసుకున్నారు. మనం చూడవచ్చిన వూళ్ళో మనమే తొక్కిసలాట అవుతున్నామన్న సంగతి గుర్తుంచుకుని, వీధిలో కాస్త పక్కకు తప్పుకుని నడవటం మర్యాద.

రేవులో అన్నిటికంటే ముఖ్యం గడియారం. అలాస్కాలో సియాటిల్‌కంటే గంట వెనక. ఓడలో ఏ టైము నడుస్తోందో అదే మనకు టైము. చేతిగడియారాన్ని దానికే కలుపుకోవాలి, ఫోను తనంతట తాను మార్చుకునే టైమును నమ్మకూడదు. ఓడ కదలటానికి అరగంట ముందే తలుపులు మూస్తారు. ఓడవాళ్ళు ఏర్పాటుచేసిన బస్సులో వెళ్ళి ఆలస్యమైతే వాళ్ళే కాచుకుంటారు. మనంతట మనం వెళ్ళి ఆలస్యమైతే కాచుకోరు. తర్వాతి రేవుకు సొంతఖర్చుమీద చేరుకోవాలి. జూనోవంటి రోడ్డు లేని వూళ్ళో అంటే ఇక చెప్పేదేముంది! ప్రతి రేవులోనూ చివరి నిమిషంలో సంచీలు వూపుకుంటూ పరుగెత్తుకొచ్చేవారు కొందరుంటారు. పైఅంతస్తుల్లో జనం వాళ్ళను చూసి చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు మనకు పడకుండా చూసుకుంటే చాలు.

అయిదోనాడు కాబోలు, గ్లేసియర్ బే అనే అఖాతంలోకి వెళ్ళాం. రోజు కూడా సరిగా గుర్తుండదండీ ఓడలో. అందుకే కొన్ని ఓడల్లో లిఫ్టు నేలమీద పరిచే తివాసీమీద వారంపేరు నేసి, రోజూ మారుస్తారు! ఆ అఖాతంలోకి రోజుకు రెండు పెద్ద ఓడలకు మాత్రమే అనుమతి. వనరక్షకులు చిన్న పడవలో వచ్చి ఓడ ఎక్కి, మైకులో కథ చెబుతారు. 1794లో వాంకూవర్ దండులోనివారు వచ్చినప్పుడు అక్కడ అఖాతమనేది అయిదుమైళ్ళ నొక్కు మాత్రమేనట, మిగిలినదంతా మంచుగోడ. 1879లో జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ గోడ నలభై మైళ్ళకుపైగా వెనక్కి జరిగింది. మా ఓడ మార్జరీ అనే హిమానీనదం ఎదుట ఆగింది. నీటికి పైన రెండువందల యాభై అడుగుల మంచు. తెల్లగా వుంటుందనుకున్నాను, నీలంగా వుంది. ఏళ్ళతరబడి బరువుకింద అణిగిన మంచు వెలుగులోని ఎరుపును మింగి నీలాన్ని వదులుతుందట. వేలమంది జనంలో ఒక్కరూ మాట్లాడలేదు. అంతలో గోడలోంచి ఒక ముక్క విరిగి పడింది. ముందు పడటం కనిపించి, తర్వాత ఉరుము వినిపించింది.

అంతటి దృశ్యం చూసివచ్చిన తర్వాత ఇంటికి ఉత్తరం రాయమంటే ఏం రాస్తామని ఆలోచించాను. నిజం చెప్పాలంటే, నాకు ఆ మంచుకన్నా ఎక్కువగా గుర్తుండిపోయింది మరొకటి.

పిన్ని స్మృతిలో అన్నిటికంటే కఠినమైన సూత్రం ఇది: "ఇంటర్నెట్టు కొనవద్దు." ఇప్పుడు సముద్రం నడుమకూడా ఓడల్లో అది బాగానే వస్తుంది, డబ్బు కడితే. ఏ ఆపదకైనా వుండనీయమని మొత్తం కుటుంబానికి ఒక్క ఫోనుకు మాత్రం ఆమె ఒప్పుకుంటుంది. ఆ ఫోను బాబాయి జేబులో వుంటుంది. మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, మొదటిరోజు గిలగిలలాడాడు. రెండోరోజు రెండుసార్లు వట్టి జేబు తడుముకున్నాడు. మూడోరోజుకు మనిషయ్యాడు. "నాలుగునెలలు వాళ్ళింట్లో వున్నామురా. వాడు పొద్దున్నే వెళతాడు, రాత్రి వచ్చి మళ్ళీ కంప్యూటరుముందు కూర్చుంటాడు. కోడలూ అంతే. మనవడికి బడి, ఈత, పియానో. ఒకే కప్పుకింద వున్నామన్నమాటేగాని, కలిసి ఒక పూట కూర్చున్నది లేదు. పిల్లల్ని చూడటానికి సముద్రాలు దాటి వచ్చి, వాళ్ళ సోఫాలు చూసి వెళుతున్నాం" అన్నది పిన్ని నాతో. ఆ మాటలో నిష్ఠూరం లేదు, లెక్క వుంది.

పిన్ని తన సంచీలోంచి గుడ్డమీద కుట్టిన అష్టాచెమ్మా గళ్ళూ, గవ్వలూ తీసేది. సముద్రంలో పుట్టిన గవ్వలు మళ్ళీ సముద్రంమీదకు వచ్చాయన్నమాట. తొమ్మిదేళ్ళ మనవడు గవ్వలు వేస్తూ ఒకనాడు అడిగాడు:

"నానమ్మా, నువ్వు చిన్నప్పుడు షిప్ ఎక్కావా?"

"నేను ఎక్కలేదురా. మా నాన్న ఎక్కారు. కాకినాడలో ఎక్కి రంగూను వెళ్ళారు."

"ఆయన రూము ఏ ఫ్లోర్‌లో?"

"రూమేమిట్రా! కింద చెక్కలు, పైన ఆకాశం. డెక్కుమీదే పడుకోవటం, అక్కడే తినటం."

"రెయిన్ వస్తే?"

"తడిసేవాళ్ళు."

ఆయన మాకు తాతయ్య. రంగూనులో బియ్యం మిల్లులో పనిచేశారు. ఆ రోజుల్లో కోస్తాజిల్లాలనుంచి ఏటా వేలమంది అలాగే వెళ్ళేవారు. కోరంగి రేవునుంచి వచ్చినవాళ్ళని బర్మావారు మన తెలుగువారందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగూనుమీద బాంబులు వేశారు. ఓడలో చోటు దొరకని లక్షలాది జనంలో తాతయ్యకూడా ఒకరు. 1942లో అరకాను కొండలు దాటి చిట్టగాంగుదాకా నడిచివచ్చారు. తోడు బయలుదేరిన తమ్ముడు రాలేదు. ఆయన ఆ తర్వాత ఏనాడూ సముద్రపు ఒడ్డుకు వెళ్ళలేదని పిన్ని చెప్పింది. మా తమ్ముడు చేతిలో కాఫీకప్పు అలాగే వుండిపోయింది. నలభైయేళ్ళవాడు, తన తాత కథ మొదటినుంచి చివరిదాకా విన్నది ఆ రోజే. వినిపించటానికి పిన్నికి తీరిక ఎప్పుడూ వుంది. వినటానికి వాడికి దొరికినవి ఈ ఏడురోజులే.

మాకు వడ్డించే కుర్రవాడు పక్కబల్ల సర్దుతూ అంతా విన్నాడని తర్వాత తెలిసింది. రాత్రి భోజనం దగ్గర పిన్ని పక్కన వంగి, మెల్లగా, "అమ్మా, మాది సోంపేట దగ్గర. మా తాతలుకూడా రంగం ఎల్లినోళ్ళే" అన్నాడు. ఇంటిదగ్గర ఎవరెవరున్నారని పిన్ని అడిగింది. భార్య, చిన్నపాప. ఓడ ఎక్కి ఏడో నెలట. "ఇంకో రెండు నెలలమ్మా" అని, పప్పుగిన్నె తీసుకురావటానికి వెళ్ళిపోయాడు. మా బల్లదగ్గర కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. మా కుటుంబం ఏడురోజులు కలిసి కూర్చోవటానికి, తన కుటుంబాన్ని తొమ్మిది నెలలు వదిలివచ్చినవాడు గిన్నెలు అందిస్తున్నాడు.

ఈ ఓడల్లో పనిచేసేవాళ్ళు ఎక్కువగా ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మన దేశం వంటిచోట్లనుంచి వస్తారు. సాధారణంగా ఆరునుంచి తొమ్మిది నెలల ఒప్పందం. నావికుల హక్కులకు 2006లో అంతర్జాతీయ ఒడంబడిక ఒకటి చేశారు. అది 2013నుంచి అమలులో వుంది. దాని ప్రకారం రోజుకు పదిగంటల విశ్రాంతి తప్పనిసరి. అంటే ఒక్కొక్కరోజు పద్నాలుగు గంటల పనికూడా చట్టానికి లోబడినదే అవుతుంది. టిప్పు అని మన ఖాతాలో మనిషికి రోజుకు పదహారునుంచి ఇరవై డాలర్లదాకా చాలా కంపెనీలు వాటంతట అవే రాసుకుంటాయి. చివరిరోజు కౌంటరుదగ్గరకు పోయి దాన్ని కొట్టివేయించుకునే తెలివిమంతులు కొందరున్నారు. నలుగురికి ఏడురోజులకు అయిదువందల డాలర్లు మిగిలాయని చెప్పుకుంటారుకూడా. టిక్కెట్టు ధర చూసుకునేటప్పుడే ఈ మొత్తాన్నికూడా కలిపి చూసుకోండి. భరించలేమనుకుంటే ఇంకా చవక గది తీసుకోండి. ఆ వాత వాళ్ళ వీపున పెట్టవద్దు.

చివరిరాత్రి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ రాత్రి పెద్దపెట్టెలు కట్టి గది బయట పెడితే, పనివాళ్ళు తీసుకుపోయి మర్నాడు గట్టుమీద అప్పగిస్తారు. మర్నాడు కట్టుకునే బట్టలు చేతిసంచీలో వుంచుకోవాలన్నది సూత్రం. ఒక ప్రయాణంలో ఎవరో పెద్దమనిషి సర్వమూ సర్ది బయటపెట్టేసి హాయిగా నిద్రపోయాడట. పొద్దున్న లేచి చూసుకుంటే వంటిమీది లుంగీ, బనీనూ తప్ప మరేమీ లేవు. పైన ఓడవారి తువ్వాలు ఒకటి కప్పుకుని, అమెరికా అధికారులముందుకు గంభీరంగా నడిచిపోయాడని పిన్ని స్మృతి చెబుతోంది. ఆయన పాస్‌పోర్టుమాత్రం చేతిలోనే వుందట, అంతవరకు మెచ్చుకోవాలి.

అమెరికాదాకా పోనక్కరలేకుండా ఓడరుచి చూడాలనుకునేవారికి మన తీరంలోనూ రెండుమూడు రాత్రుల ప్రయాణాలు వున్నాయి. 2022 జూన్‌లో విశాఖనుంచి పుదుచ్చేరి, చెన్నైలకు ఒక విహారనౌక నడిచింది. ముంబయి, చెన్నై రేవుల ప్రకటనలు చూస్తూవుండండి. సముద్రం మీకు పడుతుందో లేదో అక్కడ తేల్చుకోవచ్చు. ఎక్కడెక్కినా పెద్దవాళ్ళను పిల్లలతో కలిసి ఎక్కించండి, ఫోనులు ఒక్కరి జేబులో పెట్టండి, గవ్వలు మరిచిపోకండి.

దిగేరోజు పొద్దున్న పిన్ని ఒక కవరు తీసుకుని ఆ సోంపేట కుర్రవాడిని వెతుక్కుంటూ వెళ్ళింది. ఖాతాలో రాసింది పోగా అది విడిగా ఇచ్చేది. దాంతోపాటు సీలు తీయని ఆవకాయ పొట్లంకూడా ఒకటి. ఏరు దాటిన తర్వాతకూడా ఓడ మల్లన్నను ఓడ మల్లన్న అనే పిలిచేవాళ్ళు వుంటారు మరి.

టిక్కెట్టు కొనేముందు కెనడా వీసా సంగతి మాత్రం మరొక్కసారి చూసుకోండి.